ఫోర్త్ వేవ్ జూన్‌లోనేనా? తేదీ చూసి లాభం లేదు.. చూడాల్సిన లెక్కలు మూడు!

కరోనా ఫోర్త్ వేవ్.. 2022 మార్చి మొదట్లో వాట్సాప్ గ్రూపుల్లో, టీ కొట్ల దగ్గర మళ్లీ ఇదే చర్చ నడిచింది. జూన్ 22న మొదలవుతుందట, ఆగస్టు 15 నుంచి 31 మధ్య పీక్‌కి వెళ్తుందట, అక్టోబర్ 24 దాకా ఉంటుందట.. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టు తేదీలతో సహా మెసేజ్‌లు తిరిగాయి. ఆగస్టులో పెట్టుకున్న పెళ్లిని ముందుకు జరపాలా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఈ తేదీలు గాల్లోంచి పుట్టినవి కావు. ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు గణాంకాల పద్ధతిలో వేసిన అంచనా ఇది. అయితే అప్పటికి అది ప్రీప్రింట్.. అంటే ఇతర నిపుణులు ఇంకా పరిశీలించి సరే అనని పేపర్. కొత్త వేరియంట్ వస్తుందా, టీకాలు ఎంతమందికి అందుతాయి అన్నదాన్ని బట్టి పరిస్థితి మారొచ్చని ఆ పేపర్ రాసినవాళ్లే చెప్పారు. ఫోన్లలో తిరిగేసరికి ఆ మాట రాలిపోయింది. తేదీ ఒక్కటే మిగిలింది.

మరోవైపు థర్డ్ వేవ్ అప్పటికి దాదాపు చల్లారింది. 2022 జనవరి 21న దేశంలో ఒక్కరోజే 3,47,254 కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది మార్చి మొదటి వారంలో ఆ సంఖ్య పది వేల లోపుకి దిగింది. దీంతో మా వెబ్ డెస్క్‌కి వచ్చిన ప్రశ్నలు రెండే రెండు. ఒకటి, ఫోర్త్ వేవ్ ఎప్పుడు? రెండు, ఇక మాస్క్ తీసేయొచ్చా?

ఈ రెండింటికీ జవాబు కావాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అసలు వేవ్ ఎందుకు వస్తుంది? వచ్చింది ఎందుకు తగ్గుతుంది? తగ్గింది మళ్లీ ఎందుకు లేస్తుంది?

వందేళ్ల కిందట కూడా ఇలాగే..

వేవ్‌లు కరోనాతో పుట్టినవి కావు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశానికి వచ్చింది. జూన్‌లో బొంబాయిలో మొదలైన తొలి వేవ్ అంతగా భయపెట్టలేదు. కొన్నాళ్లకు తగ్గింది. జనం పోయిందిలే అనుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి లేచిన రెండో వేవ్ ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. దేశంలో కోటీ 20 లక్షల నుంచి కోటీ 80 లక్షల మంది వరకు చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. 1911 జనాభా లెక్కల్లో 25.21 కోట్లుగా ఉన్న సంఖ్య 1921 నాటికి 25.13 కోట్లకు పడిపోయింది. మన జనాభా లెక్కల్లో పదేళ్ల కాలానికి జనం తగ్గినట్టు తేలింది ఆ ఒక్కసారే.

అంటే.. మొదటి వేవ్ తగ్గిందని వైరస్ వెళ్లిపోయినట్టు కాదు. ఈ మాట మనకు వందేళ్ల కిందటే తెలుసు. అయినా 2021 ఫిబ్రవరిలో మర్చిపోయాం.

కట్టెల పొయ్యి చెప్పే సంగతి

వేవ్‌ని అర్థం చేసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. కట్టెల పొయ్యి చూసినవాళ్లకు తెలిసిందే. ఎండు కట్టెల మధ్య నిప్పు పడితే క్షణాల్లో అంటుకుంటుంది. పచ్చి కట్టెల మధ్య పడితే పొగ వస్తుంది, ఆరిపోతుంది.

వైరస్‌కి ఇంతవరకు ఎదురుపడనివాళ్లు, టీకా వేసుకోనివాళ్లు ఎండు కట్టెలు. ఒకసారి సోకి కోలుకున్నవాళ్లు, టీకా తీసుకున్నవాళ్లు పచ్చి కట్టెలు. జనం గుమిగూడటం గాలి లాంటిది. గాలి తోడైతే మంట ఒక కట్టె నుంచి ఇంకో కట్టెకు త్వరగా పాకుతుంది.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, పచ్చి కట్టె ఎప్పటికీ పచ్చిగా ఉండదు. కొన్ని నెలలకు ఎండుతుంది. శరీరంలో యాంటీబాడీలు తగ్గడం అంటే ఇదే. రెండు, మంట సెగ బాగా ఎక్కువైతే పచ్చి కట్టె కూడా అంటుకుంటుంది. కొత్త వేరియంట్ చేసేది ఈ పనే.

కాబట్టి వేవ్‌ని నడిపించే లెక్కలు మూడు. ఎండు కట్టెలు ఎన్ని మిగిలాయి? వైరస్ సెగ ఎంత? గాలి ఎంత వీస్తోంది? ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నో పట్టుకుని వేవ్ వస్తుందనో రాదనో చెబితే దెబ్బతింటాం. ఎలాగో హైదరాబాద్ లెక్కే చూద్దాం.

హైదరాబాద్‌లో 54 శాతం.. అయినా సెకండ్ వేవ్ ఎలా వచ్చింది?

2021 మార్చి మొదట్లో ఓ వార్త వచ్చింది. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో 9 వేల మంది రక్త నమూనాలు పరీక్షించాయి. 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. అందులో 75 శాతానికి పైగా తమకు కరోనా సోకిందని కూడా తెలియనివాళ్లే.

వినగానే ఏమనిపిస్తుంది? సగానికి పైగా జనానికి వచ్చి పోయింది కదా, ఇక భయం లేదు అనిపిస్తుంది. చాలామంది అలాగే అనుకున్నారు. కానీ నెల తిరిగేసరికి నగరంలో బెడ్ దొరకని పరిస్థితి. ఎందుకు?

ఓ చిన్న లెక్క వేద్దాం. ఇది అర్థం కావడానికి వేసే ముతక లెక్క మాత్రమే. మొదట వచ్చిన వైరస్ ఒకరి నుంచి సగటున ముగ్గురికి అంటుతుందనుకుందాం. నూటికి 54 మంది పచ్చి కట్టెలైతే మిగిలింది 46 మంది. ఆ ముగ్గురిలో కూడా వైరస్‌కి దొరికేది 46 శాతమే. మూడుని 0.46తో గుణిస్తే 1.38. ఈ అంకె ఒకటి కంటే ఎక్కువ ఉంటే కేసులు పెరుగుతాయి, తక్కువ ఉంటే తగ్గుతాయి. అంతే.

ఇప్పుడు జనం మాస్కులు పెట్టుకుని, దూరంగా ఉండి, కలుసుకోవడం సగానికి తగ్గించారనుకోండి. 1.38 కాస్తా 0.69 అవుతుంది. వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ఐదు రోజులు పడుతుందనుకుంటే వంద కేసులు నెల తిరిగేసరికి పదకొండుకు దిగుతాయి. కరోనా పోయింది అంటాం.

పోయింది కదా అని మాస్కులు తీసేస్తే అంకె తిరిగి 1.38. వంద కేసులు నెలకు ఏడొందలకు చేరువవుతాయి. పెరుగుదలే, కానీ ఇంకా గుండెలు అదిరే స్థాయి కాదు.

సరిగ్గా అప్పుడే ఒకరి నుంచి ఆరుగురికి అంటే వేరియంట్ వచ్చిందనుకోండి. ఆరుని 0.46తో గుణిస్తే 2.76. అవే వంద కేసులు నెలలో 44 వేలు దాటతాయి! జనం అదే, 54 శాతం అదే, ఊరు అదే. మారింది వైరస్ సెగ ఒక్కటే.

ఆ వేరియంట్ పేరే డెల్టా. దాన్ని మొదట గుర్తించింది మన దేశంలోనే. ఈ పేరు పెట్టింది మాత్రం 2021 మే 31న. అప్పటికి సెకండ్ వేవ్ పీక్ దాటిపోయింది. 2021 మే 7న దేశంలో 4,14,188 కొత్త కేసులు, 3,915 మరణాలు నమోదయ్యాయి. మే 19న వెల్లడించిన లెక్కలో మరణాలు 4,529. ఇవి రికార్డుల్లోకి ఎక్కినవి మాత్రమే.

మరి ఏపీ స్ట్రెయిన్ సంగతి?

ఆ రోజుల్లో ఇంకో పేరు కూడా మార్మోగింది. కర్నూలులో పుట్టిన ఏపీ స్ట్రెయిన్, పది రెట్లు, పదిహేను రెట్లు ప్రమాదకరం అంటూ ప్రచారం జరిగింది. ఎన్440కే అనే ఆ మార్పు ఉన్న వైరస్ ల్యాబ్‌లో, కణాల మీద చేసిన ప్రయోగంలో వేగంగా పెరిగిన మాట నిజం. కానీ బయట జనంలో అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని, దాని స్థానాన్ని వేరే వేరియంట్లు ఆక్రమిస్తున్నాయని సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. వేరియంట్లు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ల్యాబ్‌లో గెలిచింది బజార్లో గెలవాలని లేదు. ప్రతి కొత్త పేరుకీ వేవ్ రాదు. అప్పటికే ఉన్న దాన్ని తోసేసి, వారం వారం తన వాటా పెంచుకుంటూ పోయే వేరియంట్‌తోనే ప్రమాదం.

మనౌస్ చెప్పింది.. మనం వినలేదు

డెల్టా మనకు చెప్పా పెట్టకుండా వచ్చిందా అంటే.. ఇలాంటిది జరగొచ్చని ముందే ఓ హెచ్చరిక ఉంది. బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల మధ్య మనౌస్ అనే నగరం ఉంది. 2020లో అక్కడ కరోనా విలయతాండవం చేసింది. ఆ ఏడాది అక్టోబర్ నాటికి నగరంలో 76 శాతం మందికి వైరస్ సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. హెర్డ్ ఇమ్యూనిటీ వచ్చేసిందని, ఇక వేవ్ రాదని చాలామంది నమ్మారు.

2021 జనవరిలో అక్కడి ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. తొలి వేవ్ కంటే పెద్దది వచ్చిపడింది.

కారణాలేంటని ఆరా తీస్తే.. 76 శాతం అన్నది అసలు సంఖ్య కంటే ఎక్కువ చెప్పిన అంచనా అయి ఉండొచ్చన్నారు. తొలి వేవ్‌లో వచ్చిన రక్షణ తగ్గిపోయి ఉండొచ్చన్నారు. ఆ రక్షణను తప్పించుకునే, ఎక్కువగా వ్యాపించే కొత్త వేరియంట్ గామా కూడా అక్కడే బయటపడింది. అంటే ఎండు కట్టెలు, వైరస్ సెగ.. ఈ రెండు లెక్కలూ ఒకేసారి తప్పాయి.

అదే జనవరిలో మన దగ్గర ఏం జరుగుతోంది? ఐసీఎంఆర్ మూడో సీరో సర్వే ప్రకారం దేశంలో యాంటీబాడీలు ఉన్నది సుమారు 21 శాతం మందికే. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు ఎండు కట్టెలే. టీకా కార్యక్రమం జనవరి 16నే మొదలైంది, అదీ ఆరోగ్య సిబ్బందితో. అయినా దేశమంతా ఒకటే ధీమా.. మన ఒంట్లో ఏదో ఉంది, కరోనా మనల్ని ఏం చేయలేదు అని!

తగ్గడం వేరు.. ముగియడం వేరు

2020 అక్టోబర్‌లో కేంద్రం నియమించిన శాస్త్రవేత్తల కమిటీ ఓ అంచనా ఇచ్చింది. జాగ్రత్తలన్నీ పాటిస్తే 2021 ఫిబ్రవరి నాటికి కేసులు కనిష్ఠానికి చేరతాయని చెప్పింది. ఫిబ్రవరిలో కేసులు నిజంగానే తగ్గాయి. 2020 సెప్టెంబర్ 17న 97,894గా ఉన్న రోజువారీ సంఖ్య 2021 ఫిబ్రవరి 2న 8,635కి దిగింది. అందుకే ఆ అంచనాను జనం మరింత నమ్మారు. కాకపోతే 'తగ్గుతుంది' అన్నదాన్ని 'ముగుస్తుంది' అని చదువుకున్నారు. జాగ్రత్తలు పాటిస్తే అన్న షరతును అసలు చదవలేదు.

ఇందులో మా తప్పు లేదని చెప్పం. ఆ ఫిబ్రవరిలో మా హోమ్ పేజీలో కరోనా బులెటిన్‌ని కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయాం. క్లిక్‌లు రావడం లేదని ఆ ట్యాబ్ తీసేద్దామా అని కూడా అనుకున్నాం. రెండున్నర నెలలు తిరిగేసరికి అదే చోట ఆక్సిజన్ సిలిండర్ల కోసం, బెడ్ల కోసం వచ్చిన అభ్యర్థనలు పెట్టాం. రాత్రి షిఫ్టులో ఒక మెసేజ్ పోస్ట్ చేసేలోపే 'ఇక అవసరం లేదండీ' అని ఇంకో మెసేజ్ వచ్చేది. బెడ్ దొరికి వద్దన్నారో, ఇంకెందుకో.. అడిగే ధైర్యం ఉండేది కాదు.

వేవ్‌ల వెనుక ఉన్న మనిషి పాత్ర ఇదే. కేసులు పెరిగితే భయం. భయంతో ఇంట్లో ఉంటాం, కేసులు తగ్గుతాయి. తగ్గగానే ధీమా. ధీమాతో బయటకొస్తాం, కేసులు పెరుగుతాయి. ప్రభుత్వాలు లాక్‌డౌన్ పెట్టకపోయినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. వైరస్ చూపించే ప్రభావానికి, మనకు కనిపించే అంకెకు మధ్య రెండు వారాల తేడా ఉంటుంది. ఈ రోజు ఆస్పత్రిలో చేరిన మనిషికి వైరస్ అంటింది వారం పది రోజుల కిందట. మనం భయపడేది ఆలస్యంగానే, ధైర్యం తెచ్చుకునేది మాత్రం తొందరగా.

మేడారం జాతర తర్వాత కేసులు ఎందుకు పెరగలేదు?

ఇక్కడే చాలామందికి ఓ అనుమానం వస్తుంది. గుంపుల వల్లే వేవ్ వస్తే, 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 వరకు మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది కదా! కోటి మందికి పైగా వచ్చారని అధికారుల అంచనా. తోపులాటలు, జంపన్న వాగులో స్నానాలు, కిక్కిరిసిన బస్సులు.. మాస్క్ పెట్టుకున్నవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కేసులు పెరగాలి కదా. తెలంగాణలో తగ్గుతూనే వచ్చాయి. మరి గుంపుల మీద చెప్పిందంతా ఉత్తదేనా?

కాదు. గాలి ఎంత వీచినా ఎండు కట్టె లేకపోతే మంట లేవదు. జాతర జరిగేనాటికి ఒమిక్రాన్ ఊరూరా, ఇంటింటా తిరిగి వెళ్లింది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్ల ఇళ్లలో జలుబు, గొంతు నొప్పి, రెండ్రోజుల జ్వరం లేని ఇల్లు అరుదు. చాలామంది టెస్టు కూడా చేయించుకోలేదు, డోలో మాత్ర వేసుకుని ఊరుకున్నారు. దానికి ముందు రెండు డోసుల టీకా ఉంది, డెల్టా సోకి వచ్చిన రక్షణ ఉంది. అంటే జాతరకు వచ్చిన కోటి మందిలో ఆ నాలుగు రోజులకు పచ్చి కట్టెలే ఎక్కువ.

ఇదే జనం, ఇదే గుంపు 2021 ఏప్రిల్‌లో అయితే? ఆ నెలలో కొత్త వేరియంట్ అప్పుడే పాకుతోంది. అలాంటి సమయంలో నాగార్జునసాగర్, తిరుపతి ఉపఎన్నికలు జరిగాయి. నాలుగు రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో అసెంబ్లీ ఎన్నికల సభలు, హరిద్వార్‌లో కుంభమేళా కూడా అప్పుడే. అదే ఏడాది ఫిబ్రవరిలో ఏపీలో నాలుగు విడతల పంచాయతీ ఎన్నికలు జరిగినా వెంటనే కేసులు ఎగబాకలేదు. గుంపుకి ఫలితం గుంపుని బట్టే ఉండదు, అది ఏ సమయంలో కూడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే మేడారం చూసి 'ఇక ఎంతమంది కలిసినా ఏం కాదు' అనుకుంటే 2021 ఫిబ్రవరి తప్పునే మళ్లీ చేసినట్టు. 2022 ఫిబ్రవరిలో పనిచేసిన రక్షణ ఆ ఆగస్టుకీ అంతే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు.

థర్డ్ వేవ్ ఎందుకు వేరుగా ఉంది?

రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 మే 7: కేసులు 4,14,188.. మరణాలు 3,915. 2022 జనవరి 21: కేసులు 3,47,254.. మరణాలు 703. మరణాలు కేసుల కంటే కొంత ఆలస్యంగా పెరుగుతాయి కాబట్టి ఇది పక్కా పోలిక కాదు. అయినా తేడా ఎంతో కనిపిస్తూనే ఉంది.

ఒమిక్రాన్ గురించి దక్షిణాఫ్రికా ప్రపంచాన్ని అప్రమత్తం చేసింది 2021 నవంబర్ 24న. డిసెంబర్ 2న మన దేశంలో తొలి కేసులు కర్ణాటకలో బయటపడ్డాయి. ఏడు వారాలు తిరిగేసరికి రోజుకు మూడు లక్షల కేసులు. టీకా వేసుకున్నవాళ్లకూ సోకింది, అంతకుముందు కరోనా వచ్చి తగ్గినవాళ్లకూ సోకింది. అంటే పచ్చి కట్టెను కూడా అంటించే సెగ అన్నమాట.

మరి ఆస్పత్రులు ఎందుకు నిండలేదు? రక్షణలో రెండు రకాలు ఉన్నాయి. వైరస్ సోకకుండా ఆపే రక్షణ త్వరగా తగ్గుతుంది, కొత్త వేరియంట్ దాన్ని తప్పించుకుంటుంది. జబ్బు ముదరకుండా కాపాడే రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒమిక్రాన్ మొదటి గోడ దూకింది, రెండో గోడ దగ్గర చాలామటుకు ఆగింది. పైగా ఇది ఊపిరితిత్తుల్లో డెల్టా అంత లోతుకు పోలేదు.

అందుకే ఇకపై వేవ్ అనే మాటని రెండుగా విడదీసి చూడాలి. కేసుల వేవ్ వేరు, మరణాల వేవ్ వేరు. మొదటిది వచ్చినా రెండోది రాకుండా ఆపడం మన చేతిలో ఉన్న పనే. ఆపలేకపోతే ఏమవుతుందో 2022 మార్చిలో హాంకాంగ్‌లో కళ్లముందే కనిపించింది.

హాంకాంగ్.. గోడకు బీట ఎక్కడుందో చెప్పిన నగరం

రెండేళ్లపాటు హాంకాంగ్ కరోనాను గుమ్మం బయటే ఆపింది. క్వారంటైన్, ట్రేసింగ్ అన్నీ కట్టుదిట్టం. అంటే అక్కడ వైరస్ సోకి వచ్చిన రక్షణ దాదాపు ఎవరికీ లేదు, టీకాయే దిక్కు. టీకాలకు కొరత లేదు. కానీ 80 ఏళ్లు దాటిన పెద్దవాళ్లలో సగానికి పైగా రెండు డోసులు వేయించుకోలేదు. కరోనాయే లేదు కదా, ఈ వయసులో సూది ఎందుకు అనుకున్నారు.

ఒమిక్రాన్ అక్కడికి చేరింది. 2022 మార్చి మొదట్లో రోజుకు 50 వేలకు పైగా కేసులు వచ్చాయి. మార్చురీలు నిండిపోయాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టీకా వేయించుకోని పెద్దవాళ్లే. మనం 'మైల్డ్' అని తేలిగ్గా తీసుకున్న వైరసే అది! సెగ తగ్గలేదు, మన దగ్గర కట్టెలు పచ్చిగా ఉన్నాయంతే.

దీనికి కేరళ అనుభవం కూడా కలిపి చూడాలి. 2021 జూన్, జూలైలో చేసిన ఐసీఎంఆర్ నాలుగో సీరో సర్వేలో దేశం మొత్తం మీద 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపిస్తే.. ఏపీలో 70.2, తెలంగాణలో 63.1, మధ్యప్రదేశ్‌లో 79, కేరళలో 44.4 శాతమే. ఆ ఆగస్టులో దేశంలో వచ్చే కేసుల్లో సగానికి పైగా కేరళవే కావడంతో కేరళ మోడల్ ఫెయిల్ అంటూ వార్తలొచ్చాయి. అసలు సంగతి వేరు. అక్కడ ఎక్కువమందిని వైరస్ బారిన పడకుండా కాపాడుకున్నారు, అందుకే ఎండు కట్టెలు ఎక్కువ మిగిలాయి. ఆ కాపాడుకున్న సమయంలో టీకాలు వేశారు. సమయం సంపాదించడం కేరళ, హాంకాంగ్ రెండూ చేశాయి. దాన్ని పెద్దవాళ్ల చేతికి టీకాగా మార్చడంలో హాంకాంగ్ వెనకబడింది.

మరి జూన్ సంగతేంటి?

జూన్ 22న వేవ్ వస్తుందా అని అడిగితే, ఆ తేదీని బట్టి చెప్పడానికి ఏమీ లేకపోయింది. కొత్త వేరియంట్ ఎప్పుడు, ఎక్కడ పుడుతుందో ఏ ఫార్ములాకూ అందదు. పాత కేసుల గ్రాఫ్‌ని ముందుకు పొడిగించి తేదీ రాబట్టొచ్చు. కానీ డెల్టా అయినా, ఒమిక్రాన్ అయినా అంతకుముందు గ్రాఫ్‌లో లేవు.

తేదీకి బదులు వీటిని గమనిస్తే మేలు.

ఒకటి, వేరియంట్ వాటా. కొత్త పేరు వినగానే కంగారు పడొద్దు. జన్యు పరీక్షల్లో దాని వాటా వారం వారం పెరుగుతోందా అన్నది చూడండి. సీసీఎంబీ సహా ఇన్సాకాగ్ ల్యాబ్‌లు చేసే పని ఇదే. మురుగునీటి పరీక్ష కూడా ఉపయోగపడుతుంది. 2020లోనే హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి, నమోదైన కేసుల కంటే అసలు సోకినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. జనం టెస్టులకు వెళ్లడం మానేసిన ఈ రోజుల్లో రోజువారీ కేసుల అంకె కంటే ఇదే నమ్మదగ్గది.

రెండు, ఆస్పత్రిలో చేరేవాళ్ల సంఖ్య. కేసులు పెరిగి, చేరికలు పెరగకపోతే రెండో గోడ నిలబడినట్టే. చేరికలు కూడా పెరుగుతుంటే మాస్క్ జేబులోంచి ముఖం మీదకు రావాల్సిన సమయం అది.

మూడు, మన ఇంట్లో పెద్దవాళ్ల టీకా కార్డు. దీనికి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు. సెకండ్ డోస్ వేసుకున్నారా? వేసుకుని ఎన్నాళ్లైంది? 60 ఏళ్లు దాటి బీపీ, షుగర్ లాంటి సమస్యలున్నవాళ్లకు, ఆరోగ్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి 2022 జనవరి 10 నుంచి ప్రికాషన్ డోస్ ఇచ్చారు. రెండో డోస్ తీసుకుని తొమ్మిది నెలలు దాటితే వేయించుకోవచ్చన్నది అప్పటి నిబంధన. 'కరోనా పోయింది కదా నాయనా, ఇప్పుడెందుకు' అనే తాతయ్యలు, అమ్మమ్మలు మన ఇళ్లలోనూ ఉన్నారు. హాంకాంగ్‌లోనూ ఇదే మాట అన్నారు.

ఇక మాస్క్ తీసేయొచ్చా అన్న ప్రశ్న. ఖాళీ రోడ్డు మీద, పొలం గట్టు మీద దానితో పనేమీ లేదు. ఆస్పత్రిలో, కిక్కిరిసిన బస్సులో, జలుబు చేసినప్పుడు, పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు పెట్టుకుంటే పోయేదేమీ లేదు. మొత్తానికి పారేయకండి.. అందుబాటులో పెట్టుకోండి.

వేవ్ తగ్గిన ఈ రోజులే అసలు పని చేసుకోవాల్సిన రోజులు. 2021 ఫిబ్రవరిలో మనకు ఇలాంటి సమయమే దొరికింది, చేజార్చుకున్నాం. ఈసారి తేదీ కోసం ఎదురుచూడకుండా, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి.. అమ్మమ్మ రెండో డోస్ వేసుకుని ఎన్ని నెలలైంది?